ఎత్తని విస్తళ్ళు

సోమవారం. పొద్దుటి పోటు. గాలి మెత్తగా ఉంది.

ఈ పొద్దున మా కుళాయి నీళ్ళు ఇవ్వలేదు. దాని నెత్తిన ఉన్న చిన్న తెర మీద "పీటలు ఖాళీ లేవు, కాసేపాగి రండి" అని వచ్చింది. మా పైడి అది కూడబలుక్కుని చదివి, "అమ్మా, కుళాయింటికి సుట్టాలొచ్చినారేటి?" అంది. నవ్వాను. బిందె పట్టుకుని కాసేపు నిలబడితే నీళ్ళు వచ్చాయి. కానీ ఆ మాట గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. పీటలు నిండిపోవడమనేది పాఠాల్లో చదివానే గానీ కళ్ళతో చూడడం ఇదే మొదలు.

ఊరి యంత్రాల్ని చూసుకునే వల గదిలో పనిచేసేవాళ్ళం ఏ రోజు ఏం చూశామో ఇలా రాసిపెట్టాలి. చాలామంది "అంతా బాగుంది" అని రాసి ఇంటికి పోతారు. నాకు అంత పొదుపు చేతకాదు. చదివేవాళ్ళు ఓర్చుకోవాలి.

మా తెప్పల ఊరిని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ పేరు అలివి. ఒడ్డున బతికిన రోజుల్లో ఊరంతా కలిసి లాగిన పెద్ద వల పేరు అది. ఒడ్డు పోయింది, పేరు మిగిలింది. కుళాయిలు, దీపాలు, ఉప్పునీళ్ళు వడకట్టే యంత్రం, అన్నీ అలివి చేతిలోనే ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యంగా మోకులు. తెప్పకీ తెప్పకీ మధ్య ఉన్న మోకుని పెద్ద అల వచ్చినప్పుడు వదులు చెయ్యాలి, అల దాటాక బిగించాలి. వదలకపోతే మోకు తెగుతుంది. తెగితే ఆ తెప్ప, అందులోని సంసారం, సముద్రం పాలు. మా ఇల్లు చివరి వరసలో చివరి తెప్ప. దాని అవతల ఇంకెవరూ లేరు.

అలివిలో ఏ పని చెయ్యాలన్నా ముందు దానికి ఒక పీట కావాలి. అచ్చం పెళ్ళి పంక్తిలాగే. పని వస్తుంది, కూర్చుంటుంది, ముగించుకుని లేచిపోతుంది. కానీ ఎవరో ఒకరు వచ్చి దాని విస్తరి ఎత్తేదాకా ఆ పీట మీద ఇంకొకరు కూర్చోలేరు. మామూలుగా ఆ పనిని పుట్టించిన తల్లి పని వచ్చి ఎత్తుతుంది. తల్లి లేనివాటికి పెద్దమ్మ ఎత్తుతుంది. అలివి లేవగానే అందరికన్నా ముందు లేచే పనికి మేము పెట్టుకున్న పేరు పెద్దమ్మ. దిక్కులేని పనులన్నిటికీ ఆవిడే దిక్కు.

వల గదికి వెళ్ళేసరికి యోనా చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుంటూ కూర్చున్నాడు. నాతోపాటు పని నేర్చుకున్నవాడు, నాకన్నా మంచి చేతివాటం, నాకన్నా చెడ్డ ఓపిక.

"మీ వరసలోనే కాదు, నాలుగో వరసలో కూడా కుళాయిలు అడ్డంతిరిగినాయి. రీస్టార్ట్ సేసీడమే" అన్నాడు.

ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు ఉంటుంది యోనా వైద్యం. రీస్టార్ట్ చేస్తే మోకులన్నీ బిగుసుకుపోతాయి. ఏ మోకుకి ఎంత వదులు కావాలో అలివి మళ్ళీ మొదటినుంచీ నేర్చుకోవాలి. వారం పైనే పడుతుంది. ఇదివరకు ఒకసారి అలా చేసినప్పుడు ఒక తెప్ప తెగి కొట్టుకుపోయింది. అందులో ఉన్నది యోనా వాళ్ళ అమ్మే. పడవలేసుకుని వెళ్ళి పట్టుకొచ్చారు. ఆమె ఇప్పటికీ కొడుకు ఉద్యోగం మాట ఎత్తితే మొహం తిప్పుకుంటుంది.

"మీ అమ్మనడుగు, ఆవిడ సరేనంటే సేద్దాం" అన్నాను. ఉల్లిపాయ కొరకడం ఆపేశాడు.

రెండు కమాండ్లు కొట్టాను. ఒకటి, ఎన్ని పీటలు నిండాయో చెప్పే "లెక్క". రెండోది, ఏ పీట మీద ఏ పని కూర్చుందో చూపించే "చూపు". లెక్క ఏమో పీటలు దాదాపు నిండిపోయాయంది. చూపు ఏమో సగం పీటల మీద కూడా ఎవరూ లేరంది. రెండూ ఒకే ఊరి సంగతి చెబుతున్నాయి, రెండు రకాలుగా. లెక్క తప్పితే నాకు అన్నం దిగదు. ఇవాళ దిగలేదు.

మంగళవారం. పోటు మీద ఉంది. తూర్పున మబ్బు.

అబద్ధమాడుతున్నది లెక్కా, చూపా? పొద్దున ఆ సంగతే తేల్చుకుందామని కూర్చున్నాను. నాకు ఒక ఉపాయం తోచింది. ఏ పనీ చెయ్యకుండా ఊరికే కూర్చునే పని ఒకటి ఉంది, దాని పేరు "కునుకు". కునుకుల్ని ఒకదాని వెనక ఒకటి పంక్తిలోకి పంపిస్తే, పీటలు నిజంగా ఖాళీగా ఉన్నాయో లేదో అవే చెబుతాయి కదా!

పంపించాను. చూపు చెప్పిన ప్రకారం అయితే సగం ఊరికి చోటుండాలి. కొద్ది కునుకులు కూర్చున్నాయో లేదో అలివి చేతులెత్తేసింది. లెక్కే నిజం. నేను ఎంత సంబరపడ్డానంటే కుర్చీలోంచి లేచి, "యోనా, పీటల మీద ఎవరో ఉన్నారు! మనకి కనపడకుండా కూర్చున్నారు!" అని అరిచాను.

యోనా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "ఉన్నారు గానీ, మనకి కనపడేవోలు కూడా వొస్తన్నారు సూడు" అన్నాడు.

నా ప్రయోగం మూలంగా ఊళ్ళో ఒక్క కుళాయీ పలకలేదట. బిందెలతో ఆడవాళ్ళు వల గది గుమ్మం దగ్గరికి వచ్చేశారు. "ఏటే కాసులమ్మా, నీ సదువు మా గొంతులు తడుపుతాదేటి?" అని ఒకావిడ. "పప్పు పొయ్యి మీదుంది, నీల్లు నీ తాత పోత్తాడా?" అని ఇంకొకావిడ. కునుకులన్నిటినీ లేపి పంపించేసి, నీళ్ళు వచ్చేదాకా వాళ్ళ తిట్లు వింటూ నిలబడ్డాను. తిట్లకి నేను అర్హురాలినే. అయినా లోపల మాత్రం ఒకటే ఆరాటం, ఆ కనపడనివాళ్ళు ఎవరా అని.

సాయంత్రం వాతావరణం కబురు వచ్చింది. తూర్పున అల్పపీడనం వాయుగుండం అయింది. శనివారానికి మా మీదికి వస్తుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. గాలి పెరిగితే పెద్ద అలలు పెరుగుతాయి. ప్రతి పెద్ద అలకీ ఒక మోకు పని పుట్టాలి. దానికి పీట లేకపోతే మోకు వదులు కాదు. ముందుగా తెగేది ఏ వరసో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

పైడి చాప మీద కూర్చుని గవ్వలు ఆడుతోంది. దాన్ని లోపలి వరసలో మా అత్తగారింటికి పంపిద్దామని మా ఆయన గురువులుతో అన్నాను. "పిల్లని అంపీ. మనం తెప్పొదిలితే మోకులెవులు సూత్తారు?" అన్నాడు. అదీ నిజమే. తెప్ప ఖాళీ చేసి వెళితే తేలికపడి ఇంకా ఎగిరిపడుతుంది. పిల్లని పంపించాం, మేము ఉండిపోయాం.

బుధవారం. ఆటు. అలలు చిన్నవే గానీ దగ్గర దగ్గరగా.

దొరికింది. దొరికిన చోటు చూసి ముందు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది.

చూపు అబద్ధమాడుతోంది కాబట్టి చూపు ప్రోగ్రామ్ ఎలా రాశారో తీసి చదివాను. చిన్నదే. అలివిలో అన్నీ చిన్నవే. ఒక్కొక్కటి ఒక్కొక్క పని మాత్రమే చేస్తుంది, ఒకటి చెప్పింది ఇంకొకటి వింటుంది. పైనుంచి కిందికి వేలు పెట్టి చదువుతూ వస్తుంటే, మధ్యలో ఒక వరస కనిపించింది. మైలలో ఉన్నవాళ్ళ పేరున నడిచే పనులనీ, వాటి చేతికింద ఉన్న పనులనీ చూపించవద్దు. అంతే. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా దొంగని మేమే దుప్పటి కప్పి పడుకోబెట్టాం.

మా ఊళ్ళో ఎవరైనా పోతే ఏడాది తిరిగేదాకా పేరు ఎత్తం. నోటితో పలకం, తెరల మీద రాయం. ఇంకొకటి, పోయినవాళ్ళ చేత పని చేయించం. బతికినన్నాళ్ళు సముద్రంతో కొట్టుకున్న మనిషికి అదొక్కటే మనం ఇవ్వగలిగిన విశ్రాంతి అని పెద్దలు పెట్టిన కట్టుబాటు. అందుకని వల గదిలో ఎవరైనా పోతే వాళ్ళ కుర్చీ మీద తెల్లగుడ్డ కప్పుతాం. అలివిలో వాళ్ళ పేరున నడిచే పనుల్ని నిద్రపుచ్చుతాం. పోయినవాళ్ళ పేరు ఏ తెర మీదా కనిపించకుండా చూపులో ఆ వరస రాశారు.

ఇప్పుడు మైలలో ఉన్నది ఒక్కరే. ఆషాఢంలో పోయింది ఆవిడ. నాకూ యోనాకూ పని నేర్పింది ఆవిడే. తప్పు చేస్తే చీపురు తిరగేసేది, తప్పు దొరికితే బెల్లం ముక్క పెట్టేది. కుర్చీ మీద గుడ్డ కప్పింది మేమే. కప్పుతూ ఇద్దరం ఏడ్చాం. ఆ ఏడుపులో ఆవిడ పేరున ఏ పనులు నడుస్తున్నాయో చూడాలని మాకు తోచలేదు.

చూపుకి నకలు తీసి, ఆ వరస తీసేసి, మళ్ళీ నడిపించాను. తెర నిండిపోయింది, పైకి జరుగుతూనే ఉంది. అన్నీ మోకు పనులే. అల వచ్చినప్పుడు పుట్టి, మోకు వదిలి, బిగించి, ఎప్పుడో లేచిపోయిన పనులు. విస్తళ్ళు మాత్రం పీటల ముందే పడి ఉన్నాయి. పెద్దమ్మ దాకా పోనివ్వకుండా వాటిని ఎత్తాల్సింది ఆవిడ పేరున ఉన్న ఒక చిన్న పని. పేరు "ఆకు". అది ఆషాఢం నుంచి నిద్రపోతోంది. ఈ ఏడు వానాకాలంలో కూడా సముద్రం నెమ్మదిగానే ఉంది కాబట్టి విస్తళ్ళు నెమ్మదిగా పేరుకున్నాయి. కార్తీకం వచ్చేసరికి పంక్తి నిండిపోయింది.

యోనా నా భుజం మీంచి చూసి, "ఓరి బాబో! మరింకేటి, ఆకుని ఆపీ. అది సచ్చిపోతే విస్తర్లన్నీ పెద్దమ్మకొస్తాయి. పెద్దమ్మ ఒక్క ఊపులో ఎత్తి పారేత్తాది" అన్నాడు.

అతను చెప్పింది పూర్తిగా నిజం. ఆపడానికి కట్టుబాటు కూడా అడ్డం రాదు. పోయినవాళ్ళ పని ఆగిపోతే తప్పులేదు, నడిపిస్తేనే తప్పు. కమాండ్ కొట్టేశాను. ఎంటర్ మీద వేలు పెట్టాను. అక్కడ ఆగిపోయాను.

పెద్దమ్మ ఎలాగూ ఎత్తుతుంది కదా. మరి ఆవిడ పనిగట్టుకుని ఆకుని ఎందుకు రాసింది? చేసిన పని రెండోసారి చేస్తే చీపురు తిరగేసే మనిషి, ఒకరు చేస్తున్న పనికి ఇంకొకరిని ఎందుకు పెడుతుంది?

"యోనా, ఒక్క పూట ఆగు. ఇది ఎందుకుందో తెలుసుకుని ఆపుతాను."

"తెప్ప నీది! పిల్ల నీది! గాలొస్తంటే నీకు ఇప్పుడేటే కుతూహలం?" గట్టిగానే అరిచాడు. అరిచాక గొంతు తగ్గించాడు. "కాసులూ, మాయమ్మ ఆ దినం తెప్ప మీద ఎలాగ కూకుందో నీకు తెల్దు. నాకు తెల్సు."

భయం నాకూ ఉంది, అతనికన్నా ఎక్కువే ఉంది. కానీ తెలియనిదాన్ని చంపడం నాకు చేతకాదు. పెట్టిన వేలు తీసేశాను. యోనా తలుపు విసిరి వెళ్ళిపోయాడు.

ఆకుని తెరిచి చదివాను. మధ్యాహ్నానికల్లా అర్థమైంది. ప్రతి మోకు పనీ లేచిపోతూ విస్తరిలో ఒక చిన్న అంకె వదిలి వెళుతుంది. మోకు ఈసారి ఎంత జారింది, ఎంత సాగింది అన్నది ఆ అంకెలో ఉంటుంది. పెద్దమ్మకి ఆ పట్టింపు లేదు, ఎత్తి పారేస్తుంది. ఆకు మాత్రం పారేసే ముందు విస్తరిలో ఏం మిగిలిందో చూస్తుంది. చూసి, ఏ మోకు లోపల్లోపల అరిగిపోతోందో పోల్చుకుంటుంది. విస్తరి చూసి వంట సంగతి చెప్పినట్టే.

అంటే ఆషాఢం నుంచి ఊళ్ళో ప్రతి మోకూ చెప్పిన మాట ఆ ఎత్తని విస్తళ్ళలో అలాగే ఉంది. ఎవరూ వినలేదు, అయినా పోలేదు. ఆకుని ఆపితే అంతా ఒక్క ఊపులో పోతుంది.

గురువారం. పోటు. గాలి తిరిగింది.

ఆకుని లేపాలంటే మైల తాళం తియ్యాలి. దానికి ఒక్కటే దారి. పోయిన మనిషి ఇంటివాళ్ళు వచ్చి, పేరు నోటితో పలకాలి. ఆ గొంతు విన్నాకే అలివి తాళం తీస్తుంది. ఏడాది తిరిగాక చేసే పని అది. ముందుగా చేసినవాళ్ళు ఇంతవరకూ ఊళ్ళో లేరు.

యోనా కూడా వచ్చాడు. పొద్దున్నే మా గుమ్మం ముందు నిలబడి, "రాత్రంతా నాను కూడా ఆకునే సదివినాను" అన్నాడు. క్షమాపణ అడగడం అతనికి రాదు. నేనూ అడిగించుకోలేదు.

ఎర్రయ్య మావ మూడో వరసలో ఒక్కడే ఉంటాడు. ఆవిడ పెనిమిటి. నాకు వరసకి మావయ్య అవుతాడు. వెళ్ళేసరికి గుమ్మంలో కూర్చుని చిరిగిన వల అల్లుకుంటున్నాడు.

"ఏటే కాసులూ, ఇటేపు తోవ తప్పొచ్చినావా?" అన్నాడు. మొహాలు చూసి వల పక్కన పెట్టాడు.

ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ పని ఒకటి నిద్రలేపాలని, అందుకు ఆయన నోటితో పేరు పలకాలని. ఆయన మొహం గట్టిపడింది.

"బతికినన్నాల్లూ దాన్ని మీ గదే తినీసినాది. అన్నం కాడ కూకుంటే మోకంటూ లేసిపోయీది. నిద్దట్లో కూడా ఏవో అంకెలు సదివీది. ఇప్పుడైనా కూకోనీరా దాన్ని? పోయినోల సేత పన్జేయించీ ఊరైపోనాదా మన ఊరు?"

యోనా తల దించుకున్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన తప్పేమీ లేదు. ఊరు ఆ మాట అనడానికే ఆ కట్టుబాటు పెట్టుకుంది. అయినా చెప్పాలి.

"మావా, ఆవిడ కొత్తగా చెయ్యాల్సిందేం లేదు. పంక్తి లేసిపోనాది, విస్తర్లలాగే ఉండిపోనాయి. మేం తెలీక ఆవిడ చెయ్యట్టుకుని కూకోబెట్టీసినాం. ఎత్తనివ్వండి, అంతే. లేకపోతే శనివారానికి మా తెప్ప ఉంటాదో లేదో నాకు తెలీదు."

ఆయన పక్కన పెట్టిన వల మళ్ళీ ఒళ్ళోకి లాక్కున్నాడు. గాలికి గుమ్మంలో కట్టిన ఎండుచేపల దండ ఊగుతోంది.

"విస్తర్లా?" అన్నాడు చివరికి.

"విస్తర్లే. ఎత్తే ముందు ఏటి మిగిలినాదో సూసి, ఎవరికేటి బాలేదో చెప్పీ పని."

ఎర్రయ్య మావ ఒక్కసారి నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంట్లో కూడా అదే బుద్ధే దానికి. నా కంచంలో నాలుగు మెతుకులు మిగిల్తే సాలు, నొసట సెయ్యెట్టి సూసీది. నాకు జొరమని నాకన్నా ముందు దానికే తెలిసీది." లేచి కండువా భుజాన వేసుకున్నాడు. "ఎంగిలి విస్తర్లొదిలీసి కూకుంటే దానికి నిద్దరెలాగ పడతాది? రేప్పొద్దున్నే వొస్తాను. పేరు నానే సెప్తాను. ఇంకెవులూ సెప్పకండి."

శుక్రవారం. పోటు. గాలి ఈదురుగా. కుళాయిలు పూర్తిగా ఆగిపోయాయి.

ఒక్కో పెద్ద అలకీ బయట మోకులు కీచుమంటున్నాయి. వదులు చెయ్యడానికి పీట దొరకని పనులు గుమ్మంలోనే నిలబడిపోతున్నాయి.

మావ తలంటు పోసుకుని, ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. తెల్లగుడ్డ కప్పిన కుర్చీ పక్కన నిలబడ్డాడు, కూర్చోలేదు. నేను కమాండ్ సిద్ధంగా పెట్టాను. "సాగు ఆకు." ఆ తర్వాత పేరు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

మావ మైకు దగ్గరికి వంగాడు. పక్కకి తిరిగాడు. దగ్గి, మళ్ళీ వంగాడు.

"నూకరత్నం" అన్నాడు.

ఆషాఢం తర్వాత ఆ పేరు వినడం అదే మొదలు. యోనా కళ్ళు మూసుకున్నాడు. నేను ఆ పేరు తెర మీద రాసి, ఎంటర్ కొట్టాను.

ఏమీ జరగనట్టే ఉంది ముందు. తర్వాత లెక్క కదిలింది. పీటలు ఖాళీ అవుతున్నాయి. ఒక్కొక్క విస్తరీ చూసి, ఎత్తి, తర్వాతదాని దగ్గరికి. తొందర లేదు, ఆగడం లేదు. పంక్తి చివరిదాకా వచ్చేసరికి బయట కీచుమనే చప్పుడు ఒక్కొక్కటే తగ్గింది. ఎవరింట్లోనో కుళాయి బుడబుడమంది. యోనా అరిచేశాడు. పెద్ద గ్లాసులో టీ పోసుకుని మావకి కూడా ఒకటి అందించాడు.

అప్పుడు తెర మీద ఒక వరస వచ్చింది. ఆకు రాసిన వరస. ఆవిడ తను మాట్లాడినట్టే రాసి పెట్టుకున్న మాట.

"సివర వరస, సివర తెప్ప, ఎడం మోకు లోపల సచ్చిపోనాది. బేగి మార్సండి. టీ తరవాత తాగొచ్చు."

యోనా చేతిలో గ్లాసు అక్కడే వదిలేశాడు. ఆ తెప్ప మాది.

పరుగెత్తాం. గురువులు అప్పటికే తెప్ప అంచున ఉన్నాడు. "మోకు బానే ఉన్నాది, నిన్నే సూసినాను" అన్నాడు. బయటికి బాగానే ఉంది, కొత్తదానిలాగే ఉంది. దాని పక్కన కొత్త మోకు వేసి ముడి బిగించాక, పాతదాన్ని విప్పి కత్తితో కోసి చూశాం. లోపలి పేటలన్నీ పొడిపొడిగా రాలాయి. ఉప్పు తినేసింది. పైపేట ఒక్కటే తెప్పనంతా పట్టుకుని ఉంది. గురువులు ఆ ముక్క చేతిలో పట్టుకుని, వేలితో ఆ పొడి నలిపి చూశాడు.

ఆకుని బుధవారమే ఆపేసి ఉంటే పీటలు ఖాళీ అయ్యేవి, కుళాయిలు వచ్చేవి, మేము పండగ చేసుకునేవాళ్ళం. ఆ పండగలో మాకు ఈ మోకు సంగతి తెలిసేది కాదు.

ఆదివారం. ఆటు. ఎండ.

గాలి వచ్చింది, వెళ్ళింది. అన్ని తెప్పలూ ఉన్నాయి. రెండు వంటిళ్ళ కప్పులు లేచిపోయాయి, మా కోళ్ళు మూడు పోయాయి. పైడి మా అత్తగారింటినుంచి వచ్చి ముందు కోళ్ళకోసం ఏడ్చింది. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేనూ ఏడ్చాను. కోళ్ళకోసం కాదు.

అలివిలో రెండు మార్పులు చేశాం. చూపు ఇప్పుడు మైలలో ఉన్నవాళ్ళ పనుల్ని దాచదు. పేరు ఉండదు, పేరు ఉండాల్సిన చోట చిన్న దీపం గుర్తు ఉంటుంది. పీట మీద ఎవరో ఉన్నారని మాత్రం తెలుస్తుంది. రెండోది, ఎవరి కుర్చీ మీద గుడ్డ కప్పాలన్నా ముందు, ఆ మనిషి మీద ఏ పని ఆనుకుని ఉందో అలివినే అడగాలి. ఏడుపు తర్వాత. ఈ రెండో మాట యోనా రాశాడు, ఆవిడ పద్ధతిలో.

మిగిలింది ఆకు సంగతి. అది పోయిన మనిషి పేరున నడవకూడదు. ఊరి పేరున పెడదామని నేనన్నాను. ఎర్రయ్య మావ ఒప్పుకోలేదు. "నా పేరు మీదెట్టండి. దాని ఇంటి పని నాది కాదేటి?" అన్నాడు. ఆయనకి లాగిన్ చేసిచ్చాం. ఆకు రాసే మాటలు మంచి తెలుగులోకి మారుద్దామని నేను నోరు జారాను. ఆయన చూసిన చూపుకి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇవాళ పొద్దున ఆయన మొదటిసారి తన పనికి వచ్చాడు. తెర ముందు బల్ల మీద కూర్చున్నాడు. యోనా ఇచ్చిన టీ పక్కన పెట్టుకుని, తెర వైపే చూస్తూ ఉన్నాడు. విస్తళ్ళు ఒక్కొక్కటే లేస్తున్నాయి. మాట మాత్రం ఏమీ రాలేదు. టీ చల్లారిపోతోంది.

"ఏటే, ఏటీ అనదేటి?" అన్నాడు చివరికి.

"అంతా బాగుంటే ఏమీ అనదు మావా. ఆవిడ దాన్ని అలాగే రాసింది."

ఎర్రయ్య మావ తెర వైపు ఇంకాసేపు చూశాడు.

"బతికున్నప్పుడూ అంతే" అని, టీ గ్లాసు అందుకున్నాడు.